వదిన కోసం ఇరవై సెంట్ల వజ్రం

మొగల్తూరులో మా ఇంటికి వదిన కాపురానికి వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. వచ్చిన వారంలోనే వదిన నా తల చూసి, "ఈ జుట్టు ఎవరు దువ్వుతున్నారు?" అని అడిగింది. "నేనే" అన్నాను. "తెలుస్తోందిలే" అని నన్ను గుమ్మంలో కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, చిక్కులు తియ్యడం మొదలుపెట్టింది. భోజనాలయ్యాక మొదలుపెట్టిన పని, పాలవాడు వచ్చేదాకా సాగింది. ఒక్క వెంట్రుక కూడా కత్తిరించకుండా తీసింది. ఆ రోజు నుంచి పెళ్ళయ్యేదాకా నా జడ వదినే వేసింది.

ఇంటర్‌కి నరసాపురం వెళ్ళేటప్పుడు నేను రోజూ ఆలస్యమే. బస్సు వచ్చి ఆగితే వదిన క్యారేజీ పట్టుకుని దాని ముందు అడ్డంగా నిలబడేది. డ్రైవరు హారన్ కొడితే, "ఒక్క నిమిషమండీ, పిల్ల పుస్తకాలు సర్దుకుంటోంది" అనేది. నేను పరుగెత్తుకొచ్చి ఎక్కేదాకా పక్కకి జరిగేది కాదు. తర్వాత డిగ్రీ అయ్యి, నేను మైక్రోబయాలజీ చదువుతానంటే నాన్న, "ఇంకెంత చదువు?" అన్నారు. వదిన వంటింట్లోంచి రాకుండానే, "ఎంతుంటే అంత మావయ్యగారూ" అంది. అంతే, ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రైతులు తెచ్చిన రొయ్యల్ని, చెరువు నీళ్ళని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి రోగం ఉందో లేదో చెప్పడం నా పని. ఈ ఉద్యోగం, ఈ ఇల్లు, నా కాళ్ళమీద నేను నిలబడటం, వీటన్నిటి వెనకా వదినే ఉంది. ఆమెకి ఏదైనా ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఏం ఇవ్వాలో మాత్రం నాకు ముందే తెలుసు. ముక్కుపుడక.

పెళ్ళికి వదినకి వాళ్ళ నాన్నగారు వజ్రం ముక్కుపుడక పెట్టారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క వజ్రం అది. ఆరేళ్ళ క్రితం రొయ్యల చెరువు పట్టుబడి రోజున, వలలు లాగేవాళ్ళకి మజ్జిగ పొయ్యడానికి గట్టు దిగి, జారి పడింది వదిన. లేచి మొహం తుడుచుకునేసరికి ముక్కుపుడక లేదు. అన్నయ్య చెరువు ఎండగట్టి, వడ్లు జల్లించే జల్లెడ తెచ్చి, రెండు రోజులు బురద జల్లించాడు. వదినే వచ్చి, "వదిలెయ్యండి, పోయిందేదో పోయింది" అని లాక్కుపోయింది. ఆ తర్వాత కొత్తది కొనుక్కోమంటే ఒప్పుకోలేదు. ముక్కు బెజ్జం పూడిపోకుండా వేపపుల్ల ముక్క పెట్టుకునేది. ఎండితే తీసి ఇంకోటి పెట్టుకునేది. ఆరేళ్ళు అలాగే.

కిందటి ఏడాది దసరా వెళ్ళాక ఒకరోజు ల్యాబ్ నుంచి త్వరగా బయటపడి, భీమవరంలోనే ఒక పెద్ద నగల షాపుకి వెళ్ళాను. ముక్కుపుడకకి వజ్రం కావాలన్నాను. సేల్స్‌మన్ నల్లటి ముఖమల్ గుడ్డ మీద ఒక రాయి పెట్టాడు. పైన వరసగా లైట్లు. కళ్ళు చెదిరేలా మెరిసింది.

"ముప్ఫై అయిదు సెంట్లు మేడమ్. ఈ సైజులో ఇలాంటి ఆఫర్ రాదు" అన్నాడు.

సెంట్లంటే నాకు చెరువుల సెంట్లే తెలుసు, వంద సెంట్లు ఎకరం. ఇక్కడ వంద సెంట్లు ఒక క్యారెట్టని అతనే చెప్పాడు. వదిన మొహానికి ఈ రాయి ఎలా ఉంటుందో అప్పటికే ఊహించేసుకున్నాను. "ప్యాక్ చెయ్యండి" అనబోతుంటే పక్క కుర్చీలోంచి ఒక గొంతు, "గుమ్మంలోకి పట్టుకెళ్ళి చూశావా అమ్మా?" అంది.

చూస్తే డెబ్భై దాటిన ఒక మామ్మగారు. జరీ లేని నేత చీర, చేతిలో చిన్న పర్సు. గొలుసు కొక్కెం ఊడితే అతికించుకోవడానికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ నావైపు కాకుండా నా పక్కనున్న గోడవైపు చూస్తూ మాట్లాడుతున్నారు. అప్పుడు గమనించాను, రెండు కళ్ళలోనూ పాలచుక్క వేసినట్టు తెల్లటి పొర.

సేల్స్‌మన్ కొంచెం ఇబ్బంది పడ్డాడు గానీ కాదనలేదు. తనే రాయిని చిన్న పట్టకారుతో పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. బయట మామూలు సాయంత్రపు వెలుతురు. ఆ వెలుతురులో నేను చూసిన రాయి అది కానే కాదనిపించింది. మెరుపు పోయి, కొంచెం పసుపు తిరిగిన గాజుముక్కలా ఉంది.

"లైట్ల కింద అన్నీ మెరుస్తాయి" అన్నారు మామ్మగారు లోపలినుంచి. "ఆ అబ్బాయి తప్పేం లేదు. అదీ వజ్రమే. అయితే నీకు కావలసిన వజ్రం అదేనా అన్నది నువ్వు చూసుకోవాలి."

నేను కొనలేదు. గొలుసు అతికించుకుని ఆవిడ బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు పక్కకి వెళ్ళి, "మీకు ఇవన్నీ ఎలా తెలుసండీ?" అని అడిగాను.

"మా ఆయన రాళ్ళు పొదిగేవారు. ఆయనకి రాళ్ళు ఏరిపెట్టింది నేను. నలభై ఏళ్ళు. ఇప్పుడు రాయీ రప్పా ఒకేలా కనపడుతున్నాయనుకో" అని నవ్వారు. "ఎవరికమ్మా కొనేది?"

వదిన సంగతి చెప్పాను. వేపపుల్ల సంగతి కూడా. "ఆదివారం పొద్దున్న పదింటికి మా ఇంటికి రా. చూడటం నేర్చుకుని అప్పుడు కొను" అన్నారు.

అలా మొదలైంది. మా వారు రొయ్యల మేత అమ్మే పనిమీద వారంలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతూ ఉంటారు కాబట్టి ఆదివారాలు నాకు ఖాళీయే. మామ్మగారు ఉండేది మా ఇంటికి రెండు వీధుల అవతల. ఒక్కరే. కూతురు సామర్లకోటలో టీచరు, రోజూ ఫోన్ చేస్తుంది. ఇంట్లో ఉత్తరం వైపు ఒక కిటికీ, దాని కింద పొట్టి బల్ల. "ఎండ నేరుగా పడకూడదు. అందుకే ఆయన కావాలని ఇటు పెట్టించుకున్నారు" అన్నారు. ఒక పాత బిస్కెట్ల డబ్బాలోంచి కాగితం పొట్లాలు తీశారు. నలభై ఏళ్ళలో మిగిలిపోయిన రాళ్ళు. గాజు, తెల్లరాయి, అమెరికన్ డైమండ్, వాటి మధ్య ఆవగింజలంత అసలు రవ్వలు నాలుగు. ఆవిడ వేళ్ళతో తడిమి ఏ పొట్లంలో ఏముందో చెప్పగలరు గానీ, ఒక్క రాయినీ చూడలేరు.

"కళ్ళు నీవి, మాటలు నావి" అన్నారు. "ఏం కనపడుతోందో ఉన్నదున్నట్టు చెప్పు. బాగుంది, బాలేదు అని మాత్రం చెప్పకు."

మొదటి ఆదివారం రంగు. తెల్లకాగితం మధ్యకి మడిచి, ఆ మడతలో రాళ్ళని తల్లకిందులుగా వరసలో పెట్టించారు. పైనుంచి చూస్తే మెరుపు కళ్ళకి అడ్డం వస్తుందట, పక్కనుంచి చూస్తేనే ఒంటిరంగు బయటపడుతుందట. నాలుగు రవ్వల్లో ఒకదానికి లేత పసుపు ఉందని నేను చెప్పగానే, "చివరిది కదూ?" అన్నారు. అవును, చివరిదే.

రెండో ఆదివారం భూతద్దం. పదిరెట్లు పెద్దదిగా చూపించే బుల్లి అద్దం అది. ఇందులో మాత్రం నాకు కష్టం అవలేదు. రోజంతా మైక్రోస్కోపులో రొయ్య మొప్పలు చూసేదాన్ని, ఊపిరి బిగబట్టి, కన్ను కదపకుండా చూడటం అలవాటే. ఒక రవ్వలో ఈకలాంటి గీత, ఇంకోదానిలో నల్లచుక్క చూసి చెప్పాను. "ఎక్కడుంది, మధ్యలోనా, అంచునా?" అని అడిగారు. మధ్యలో ఉంటే పైకి కనపడుతూ ఉంటుంది, అంచున ఉంటే రాయిని పట్టి ఉంచే బంగారు కొంకి కింద దాగిపోతుంది. "ఏ మచ్చా లేనిదే కావాలని కూర్చోకు. మామూలు కంటికి కనపడకపోతే చాలు, గీత బయటిదాకా పాకి రాయి చిట్లేలా లేకపోతే చాలు."

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది చెక్కుడు. రంగూ మచ్చా భూమిలోంచి వచ్చినవి, చెక్కుడు మాత్రం మనిషి చేతిదని మామ్మగారి మాట. బరువు పోకుండా ఉండాలని రాయిని లోతుగా ఉంచేస్తారు. అప్పుడు తూకానికి ఎక్కువ తూగుతుంది, పైకి చిన్నగా కనపడుతుంది, పడిన వెలుగు తిరిగి పైకి రాకుండా కిందనుంచి పోతుంది. మరీ పల్చగా చెక్కినా అంతే. "రాయిని నెమ్మదిగా తిప్పు. మధ్యలో చీకటి గుంటలా ఉందా? తిప్పుతుంటే వెలుగూ నీడా చోట్లు మారుతున్నాయా?" అని అడిగేవారు. నేను చెప్పేది వింటూ తల కొద్దిగా వంచి కూర్చునేవారు, వీణ శ్రుతి సరిచూసుకునేవాళ్ళలాగా.

ఈమధ్య ల్యాబుల్లో పెంచుతున్న వజ్రాల గురించి నేనే అడిగాను. ఆవిడకి తెలియదేమో అనుకున్నాను. "తెలుసమ్మా. అవీ వజ్రాలే. కంటికి తేడా తెలీదు, యంత్రం పెట్టి చూడాలి. కొనుక్కుంటే తప్పేం లేదు, కానీ ఇది పెంచినదీ అని చెప్పి అమ్మాలి. నువ్వు తెలిసి కొనాలి. అందుకే సర్టిఫికెట్ కాగితం అడగాలి. ఉత్తినే కాగితం ఉంటే చాలదు, దానిమీద నంబరూ రాయి నడుం మీద, అంటే చుట్టూ ఉండే సన్నటి అంచు మీద చెక్కిన నంబరూ ఒకటేనా అని భూతద్దంతో చూసుకోవాలి" అన్నారు.

సంక్రాంతి ముందు పనులు మొదలవకుండానే ఇద్దరం రైలెక్కి రాజమండ్రి వెళ్ళాం. అక్కడ మామ్మగారికి తెలిసిన ఒక చిన్న షాపు. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. షాపాయన ఆశ్చర్యంగా చూస్తూనే రాళ్ళు ఒక్కొక్కటే కాగితం మీద పెట్టాడు. చూసిందల్లా పైకి చెప్తూ పోయాను. మధ్యాహ్నానికి రెండు మిగిలాయి. ఒకటి పాతిక సెంట్లు, రంగు చాలా తెలుపు, కానీ మధ్యలో గుండ్రటి నీడ. రెండోది ఇరవై సెంట్లు, తిప్పితే నలుమూలలనుంచీ వెలుగు పైకి లేస్తోంది. అంచున ఒక నల్లచుక్క.

"ఏది తీసుకోమంటారు మామ్మగారూ?"

"నేను చెప్పను" అన్నారు. "నాకు నువ్వు చెప్పిందే తెలుసు. చూసినదానివి నువ్వు."

అంత చదువు చదువుకున్నా, ఒకరి సంతకం లేకుండా నా కంటిని నేనే నమ్మాల్సి రావడం అదే మొదటిసారేమో. నడుం మీద నంబరు రెండుసార్లు చదివి, ఇరవై సెంట్లది తీసుకున్నాను. రైల్లో మామ్మగారు దాని గురించి ఒక్క మాటా అడగలేదు. కొవ్వూరు దగ్గర జామకాయలు కొనిపించుకుని తిన్నారు.

ఆ రాయిని ఆవిడ చూడకుండా పొదిగించడానికి నాకు మనసొప్పలేదు. శుక్లాలకి ఆపరేషన్ చేయించుకోమని కూతురు ఎన్నేళ్ళుగానో చెప్తోందట. ఈవిడకి భయం. పక్కింటావిడకి వికటించిందట. "ఉన్న మసక కూడా పోతే?" అనేవారు. మూడు ఆదివారాలు బతిమాలాను. చివరికి, "దగ్గర ఎవరుంటారు? అమ్మాయికి పరీక్షల టైము, సెలవు దొరకదు. నీకు ల్యాబు" అన్నారు. ఆ మాటతో ఒప్పుకున్నట్టే అని నాకు అర్థమైంది. వదినకి ఫోన్ చేశాను.

"ఎవరావిడ?" అంది వదిన.

"నాకు చాలా సాయం చేసినావిడ వదినా."

"అయితే రేపు పొద్దున్న బస్సుకి వస్తాను" అంది. ఇంకేమీ అడగలేదు.

ముందు ఒక కంటికి ఆపరేషన్ భీమవరంలోనే జరిగింది. మామ్మగారిని మా ఇంటికి తీసుకొచ్చాం. గంటగంటకీ కంట్లో చుక్కలు వెయ్యడం, తల తడవకుండా స్నానం చేయించడం, మెత్తగా పప్పన్నం కలిపి పెట్టడం అన్నీ వదినే చూసుకుంది. ముందు రోజు వరకూ ఆవిడెవరో వదినకి తెలియదు. ఆపరేషన్ అయిన మర్నాడు ఆస్పత్రిలో డాక్టరుగారు కట్టు విప్పి, "ఎదురుగా ఎవరున్నారో చెప్పండి" అన్నారు. మామ్మగారు రెప్పలు కొట్టుకుంటూ చూశారు. ఎదురుగా ఉన్నది వదిన. ఆవిడ చూపు వదిన ముక్కు దగ్గర ఆగింది. చెయ్యి చాచి వదిన బుగ్గ నిమిరి, "వేపపుల్ల" అన్నారు. వదినకి ఏం అర్థం కాలేదు. నేను మొహం తిప్పుకోవలసి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున్న, వదిన స్నానానికి వెళ్ళినప్పుడు, రాయి పొట్లం తీసి మామ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ వాకిట్లోకి నడిచి, కొత్త కంటికి భూతద్దం ఆనించి, చాలాసేపు చూశారు.

"అంచున చుక్క ఉంది. చూశావా?"

"చూశానండీ. కొంకి కిందకి వచ్చేలా పొదగమంటాను."

ఆవిడ అద్దం దించారు. "ఆయనుంటే నీకు ఉద్యోగం ఇచ్చేవారు" అన్నారు. ఉద్యోగంలో నాకు వచ్చిన ఏ ప్రశంసా అంత సంతోషం ఇవ్వలేదు.

అంతలో వదిన తల తుడుచుకుంటూ వచ్చి, "ఏంటది?" అంది. దాచే వీలు లేదు. పొదిగించాక ఇద్దామనుకున్నది అప్పుడే చెప్పేశాను. "నీకే వదినా. ముక్కుపుడకకి."

వదిన కాగితంలోకి చూసి, "నా పాతది ఇంతకి రెండింతలు ఉండేది కదే" అంది. అని నాలుక కరుచుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అరుగుమీద కూర్చుండిపోయింది. "ఆ పాతది వజ్రం కాదమ్మా" అంది మెల్లగా.

నేను నమ్మలేదు. వదిన చెప్పింది. పెళ్ళయిన రెండో ఏడు ముక్కుపుడక మర బిగించుకోవడానికి నరసాపురంలో ఒక షాపుకి వెళ్తే అక్కడి ఆయన అది తెల్లరాయని చెప్పాడట. వెనక రేకు మూసి పొదగడంతో మెరిసేదట. "మా నాన్న వజ్రమనే కొన్నాడు. దొడ్లో ఆవునమ్మి మరీ కొన్నాడు. మోసపోయాడని తెలిస్తే తట్టుకోలేడు. మీ ఇంట్లో చెప్తే కావాలనే చేశాడనుకుంటారేమో అనిపించింది. అందుకే ఎవరికీ చెప్పలేదు. మా నాన్న పోయేదాకా ఆయన ముందు వజ్రంలాగే పెట్టుకు తిరిగాను."

"మరి అన్నయ్య కొత్తది కొంటానంటే ఎందుకొద్దన్నావు?"

"మీ అన్నయ్యకి గేదెల్ని చూసి కొనడం తెలుసు. రాళ్ళ సంగతి ఏం తెలుసు? ఇంకో మనిషి మోసపోవడం చూడలేకే."

ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. నా జుట్టు చిక్కులు తీసిన మనిషి మనసులో ఇంత పెద్ద ముడి ఉందని నాకు తెలియలేదు. మామ్మగారే ముందు తేరుకున్నారు. వదిన పక్కన కూర్చుని, భూతద్దం ఆమె చేతిలో పెట్టి, "ఇదిగోమ్మా, నువ్వే చూసుకో. ఎవరో చెప్పారని పెట్టుకోకు" అన్నారు. కాగితం ఎలా మడవాలో, కన్ను ఎంత దగ్గరగా ఆనించాలో, నంబరు ఎక్కడ ఉంటుందో అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పారు. వదిన టెన్త్ తప్పి చదువు మానేసిన మనిషి. అయినా నంబరులో ఒక్కొక్క అంకె పైకి చదివింది, నేను సర్టిఫికెట్ కాగితంలో సరిచూశాను. ఆఖరి అంకె కూడా కలిశాక వదిన అద్దం దించి, తడికళ్ళతోనే నవ్వింది.

వెనక మూయకుండా, వెలుగు పారేలా పొదిగించాం. మాఘమాసంలో మామ్మగారినీ తీసుకుని ముగ్గురం మొగల్తూరు వెళ్ళాం. మామ్మగారు నీసు ముట్టరని వదిన ఆ రోజు ఇంట్లో చేప వండకుండా పనసపొట్టు కూర చేసింది. పుల్ల తీసి ముక్కుపుడక పెట్టింది మామ్మగారే. అన్నయ్యకి అసలు సంగతి వదినే తన నోటితో చెప్పింది. ఏమంటాడో అని నేను భయపడ్డాను.

"అంటే, నేను రెండు రోజులు బురదలో జల్లించింది గాజుముక్క కోసమా?" అన్నాడు.

"గాజు కాదండీ, తెల్లరాయి" అంది వదిన.

అన్నయ్య ఆమె ముక్కుపుడక వంక చూశాడు. "మీ నాన్న ఆవునమ్మి కొన్నాడుగా. తెల్లరాయైతేనేం, మళ్ళీ జల్లించమన్నా జల్లిస్తాను" అన్నాడు. వదిన ఆయన విస్తట్లో ఇంకొంచెం పనసపొట్టు కూర వడ్డించింది. మామ్మగారు పక్కనుంచి, "నాక్కూడా వెయ్యమ్మా" అన్నారు.